కొమ్ముడుతకు కాపలా

ప్రత్తిపాడు కల్లంలో తాత ఎండుమిరపకాయలు తిరగేస్తుంటే, మనవరాలు ఏడుపుమొహంతో వచ్చింది. దాని అన్నయ్య వానాకాలంలో జ్వరంతో పోయాడు.

"తాతా, అన్నయ్య ఫోను పెట్టెలో లేదు."

"ఎందుకే? ఆ జంతువుల్ని పెంచే ఆటకేనా?"

"అందులో కొత్తవి వచ్చాయని అందరూ గంతులేస్తున్నారు. రెక్కల మొసలంట, నిప్పుల మేకంట."

"ఓస్, నిప్పుల మేకా! మా చిన్నప్పుడు పొదిలి సంతలో అమ్మేవాళ్ళు. పితికితే కాగిన పాలే వచ్చేవి."

"నవ్వించకు తాతా. పెంపకం పద్ధతి కూడా మార్చారు. ఇన్నాళ్ళూ ఎవరూ ఫోను పట్టుకుని తిరుగుతూ నడిపించని జంతువులన్నీ యజమానిని మర్చిపోయి అడవికి పోతాయంట. అన్నయ్య పెంచిన కొమ్ముల ఉడుత, ఆ కొమ్ముడుత ఈపాటికి పోయే ఉంటుంది."

తాత రొండిన దోపుకున్న ఆ ఫోను తీసి ఇచ్చాడు. అది మిరపఘాటు కొడుతోంది. మనవరాలు తుమ్ముతూనే ఆట తెరిచింది. తెర మీద కొమ్ముడుత ఎగిరి ముందుకొచ్చింది.

"ఇదేంటి తాతా, ఇంత పెరిగింది!"

"ఆస్పత్రికి పోయేటప్పుడు నా చేతికిచ్చి, నేనొచ్చేదాకా నడిపిస్తుండు తాతా అన్నాడే. మిరపసాళ్ళెంబడి రోజూ తిప్పుతున్నా."

"అన్నయ్య రాడుగా తాతా."

"దానికి తెలియదుగా."

మనవరాలు ఓణీ చెంగుతో ఫోను మీది కారం తుడిచింది. చాలాసేపు తుడిచింది.

"పెంచేది నువ్వేగా. యజమానిగా నీ పేరు పెట్టనా?"

"వద్దమ్మా, వాడి పేరే ఉండనీ. నేను పాలేరుని."