అన్నయ్య కట్టిన గోడ

అన్నదమ్ములు విడిపోయినప్పుడు బట్టల కొట్టులో వీధివైపు సగం అన్నకూ, వెనక సందువైపు సగం తమ్ముడికీ వచ్చింది. ఇన్నేళ్లకు అన్న ఆ సందులో అడుగుపెట్టాడు. తమ్ముడు బట్టల తాను చుడుతూ తలెత్తలేదు.

"రేపు ఫైర్ వాళ్లు మళ్లీ తనిఖీకి వస్తున్నారురా."

"నా కొట్టు చూసి వెళ్లారు. సందులోకి రెండు గుమ్మాలున్నాయి, బాగుందన్నారు."

"నాకు రెండో దారి లేదంటున్నారు. మంటలొస్తే జనం ఎటు పోతారని అడిగారు. రేపటికి దారి చూపించకపోతే తాళం వేస్తారట."

"దారి ఉండేదిగా! మధ్యలో గోడ కట్టి మూసింది నువ్వే."

"అప్పుడేదో కోపంలో..."

"కోపం కాదన్నయ్యా, లెక్క. వీధిలోంచి ఒక్క బేరం కూడా నా దాకా రాకూడదని కట్టావు. వీడు సందులో ఈగలు తోలుకుంటాడని నలుగురిలో నవ్వావు."

"ఆ గోడలో ఒక్క తలుపు పెట్టుకోనీరా. నీ కాళ్లు పట్టుకోమంటావా?"

ఈ మాట కోసమే తమ్ముడు ఇన్నాళ్లూ ఓపిక పట్టాడు.

"కాళ్లెందుకు? గునపం పట్టుకో. తలుపు ఒక్కటే చాలదు, గోడంతా పడాలి. కూలీలు వద్దు, నువ్వే కొట్టాలి."

అన్న గోడవైపు చూశాడు.

"సరేలే. రాత్రి కొట్టు కట్టేశాక వస్తాను."

"అబ్బే, అప్పుడెవరుంటారు? సాయంత్రం నీ బేరాలు జోరుగా ఉన్నప్పుడు రా. గోడ పడగానే నీ గుమ్మంలో ఉన్నవాళ్లందరికీ నా తానులు కనపడాలి."