బాపు రాసిన పరీక్ష

హలో… ఆఁ, నేనే బిడ్డా. జిద్దా నంబర్ల నుంచి నీకు ఇంకెవ్వలు చేస్తరే ఉమారాణి, మీ బాపు గాక?

… ఇయ్యాల జుమ్మా గద, పని లేదు. షరఫియా బజారుకు వచ్చిన, హోటల్ల చాయ్ తాగుతున్న. చెప్పు డాక్టరమ్మా.

… కారా? సైకాలజీ చదివితే డాక్టర్ కారా? మూడేండ్ల సంది రూంల అందరికీ డాక్టరనే చెప్పుకుంట వస్తున్న గదనే. … సరే సరే, డిగ్రీ. ఇగ చెప్ప.

నువ్వు వాట్సాప్‌ల పంపిన కాయితం నింపి పంపిన, ముట్టిందా? … ఇరవై ప్రశ్నలకు ఒక్కటి ఇడ్వలె. ఎన్ని మార్కులొచ్చినయ్?

… సున్నానా? బాధ ఒక్కటి గూడ లేదని వచ్చిందా?

… మీ సారు ఏమన్నడు? … ‘ఈ మనిషి సన్యాసన్న కావాలె, లేకుంటే నువ్వే కూసోని రాసుకున్నవ్’ అన్నడా? అబ్బో.

… ఏం దాస్తనే నీకాడ? నేనొక్కన్నే రాయలె. పోయిన జుమ్మానాడు రూంల ఆరుగురం కూసున్నం. రాజేశం డిగ్రీ దాక పోయి ఫెయిలయిండు గద, ఆయనే చదివి ఏది రైటో చెప్పిండు. నీ తెలుగు రేడియోల వార్తల లెక్క ఉండె. ఉద్విగ్నత అంటే ఏందే? రాజేశం బీపీ అనుకున్నడు. ‘మీకు కోపం వస్తుందా’ అన్నకాడ ‘ఎన్నడూ రాదు’కు టిక్కు కొట్టమన్నడు, కొట్టిన.

… మార్కులు నీయి గదనే! తప్పు రాస్తే నువ్వు ఫెయిలైతవని మా భయం మాది. … రైటు, తప్పు ఉండయా? గసొంటి పరీక్ష ఎక్కడన్న ఉంటదా?

… కోపం రాదన్నది మీ అమ్మకు ఫోన్ల వినిపించినవా? … నవ్విందా? … ఎంతసేపు?

… మల్ల రాయాల్నా? సోమారం ఇయ్యకుంటే ప్రాజెక్టే పోతదా? … రాజేశాన్ని రాసుకోరాదు, ఆయనకు అన్ని బాధలూ ఉన్నయ్. … నేనే కావాల్నా. సరే, అడుగు. పక్కన ఎవ్వలు లేరు.

… నిద్రా? మంచిగనే పడుతది. … అప్పుడప్పుడు పట్టది. … సరే తల్లీ, పడుతలేదు, రాసుకో. … ఎన్ని దినాల సంది? గదీ ఉన్నదా అండ్ల? … లేదా, నువ్వే అడుగుతున్నవా. హుషారైనవ్ పో.

… బిడ్డా, ఒకటి చెప్పు. నీ ప్రాజెక్టుకు నేను కేసును గద, కేసు చెప్పింది ఎవ్వలకూ చెప్పరు, పేరు గూడ రాయరంటివి మొన్న. దేవన్న అని ఎక్కడ రాయవు గద? … మంచిది. మీ అమ్మకు గూడ చెప్పద్దా? … గట్టి రూలేనా?

… అయితే విను. మనిషికింత అని నెల నెలా సర్కారుకు లెవీ కట్టుడు మా కంపెనీతోని అయితలేదట. ఆఫీసుల పదకొండు పేర్లు చదివిన్రు. అండ్ల నాదున్నది. రాజేశంది లేదు. … తప్పేం చేయలె. పంతొమ్మిదేండ్ల సంది పైపులు బిగిస్తున్న, నా చేతిది ఒక్కటి కారలె. … ఈడ ఉండే ఇకామా కార్డు ఈ నెలాఖరుదాకనే. ఆ తర్వాత ఫైనల్ ఎగ్జిట్. … ఆఁ, ఇగ మల్ల రాకుంట వచ్చుడే.

… కాయితం నింపేటప్పటికే తెలుసు. మార్కుల భయం ఒకటి, ఇదొకటి. ఇంట్ల ఎవ్వలకూ చెప్పలె, నీకే చెప్తున్న.

… ఏమంటున్నవే?

… చదువు ఆపుతవా? ఆపి ఏం జేస్తవ్, బట్టల షాపుల నిలబడ్తవా? … ఉమా, నాకు కోపమొస్తది చెప్తున్న. … రాసుకో, కోపం ‘తరచూ’. ఇంకో ఆర్నెల్లే గదనే. హాస్టల్ కిరాయికి నేనేదో చేస్త. మన దిక్కు గూడ నల్లాలు కారుతయ్, బిగించేటోడు కావాలె.

… ఒక్కటే మిగిలిందా? చదువు. … ఏందే, ఆగినవ్? చదువు, నేనేమనుకోను.

… ‘నావల్ల ఇంట్లోవాళ్లకు ఉపయోగం లేదనిపిస్తుంది.’ … ఎన్నడూ, అప్పుడప్పుడు, తరచూ. మూడింట్ల ఒకటి.

…

తరచూ.

… రాసినవా? … రాయవా? ఎందుకు రాయవే? కేసు చెప్పింది చెప్పినట్టు రాయాలె గద మేడం. మార్కులు పోతయ్. … పోనియ్యనా?

… గట్లనా. … నేనొస్తే చాలంటవా బిడ్డా. … సరే. … ఎయిర్‌పోర్టుకు నువ్వే రా అయితే. అమ్మకు ఇంటికి పోయినంక ఇద్దరం కలిసి చెప్పుదం.

… ఏడ్వకు. హాస్టల్ల పిల్లలు జూస్తరు. … నేనా? నేనెందుకు ఏడుస్తనే, మంచిగున్న.

… ఇగో, ఇదీ అబద్ధమే. ఫోన్ పెడ్తున్న బిడ్డా.