ప్యాంటు కాళ్ళు భుజానికెక్కిన వైనం

టకటక, టకటక... ముందు కుట్టుమిషన్ల చప్పుడు; ఆ తరువాతే కిటికీ అవతల నిచ్చెన మీద నిలబడి గోడపై సంస్థ చరిత్ర రాస్తున్న పెయింటరు, ఇవతల వీపుసంచుల కర్మాగారం యజమాని, ఆయన భార్య.

"అయ్యగారూ, 'ఒక్క మిషనుతో మొదలై మూడంతస్తులకు ఎదిగిన సంస్థ' దాకా రాసేశాను. తర్వాత?"

"రాయి నాయనా. 'స్థాపకులు మానవుని వెన్నెముకను గూర్చి దీర్ఘంగా ఆలోచించి...'"

"వెన్నెముకా? నిద్రమత్తులో మా అన్నయ్య ప్యాంటు తగలేశారు కదండీ!"

"నువ్వుండవే. 'దీర్ఘంగా ఆలోచించి'..."

"తగలేయడమంటే ఎలాగమ్మగారూ?"

"కాళ్ళ అంచులు మడిచి కుట్టమంటే, రెండు కాళ్ళూ పైకి లాగి నడుముకి కుట్టేశారు బాబూ! అన్నయ్యకి కాలు దూర్చే దారే లేదు."

"అది ప్రయోగం!"

"ప్రయోగమైతే బల్లకింద ఎందుకు దాక్కున్నారో?"

"సూది పడితే వెతికాను."

"అన్నయ్య వెళ్ళేవరకూ దొరకలేదు పాపం! పట్టీల్లా వంగిన ఆ కాళ్ళ సందుల్లోంచి చేతులు దూర్చి, వీపున తగిలించుకుని, కూరగాయలు నింపుకొచ్చింది నేను. బజారు బజారంతా 'నాకొకటి, నాకొకటి' అని నా వెంటపడింది."

"కుట్టింది నేనే కదా!"

"తప్పు కుట్టింది మీరు. తప్పుని సంచి చేసింది నేను. పాత ప్యాంట్లు అయిపోతే గుడ్డ తానులు తెప్పించిందెవరు? వరండా చాలకపోతే షెడ్డు వేయించిందెవరు?"

"అయితే స్థాపకులు అమ్మగారేనండీ!"

"నువ్వు రంగు గోడకేస్తున్నావా, నా కొంపకా?"

"ఇదిగో, నా పేరు గోడెక్కకపోతే కత్తిరింపుల గది తాళాలు నా కొంగుకే ఉంటాయి. పీలిక కదలదు!"

"అయ్యో... సరేనయ్యా, 'స్థాపకురాలు' అని రాయి."

"పేరండీ?"

"పేరు... చెప్పవే."

"మీరే చెప్పండి. నలుగురిలో ఏనాడైనా పిలిచారా? 'ఏమేవ్' అంటారు, లేదా దగ్గుతారు!"

"ఇంట్లో పిలుస్తానుగా."

"ఆ పేరే చెప్పండి. నాకదే ముద్దు."

"అదా? గోడ మీదా? పనివాళ్ళంతా చదవరూ?"

"చదవాలనే."

"వద్దే, పరువు..."

"తాళాలు..."

"అయ్యగారూ, పెదవులు కదిలాయి గానీ మిషన్ల హోరులో ఏమీ వినపడలేదు. గట్టిగా!"

"బుంగమూతీ!"