ఉడుకు డబ్బా

గట్ల అంగి గల్ల పట్టి నూకుతరా సారూ, మనిషిని? ఈ మోచెయ్యి చూడుండ్రి జెర. యాదగిరీ, ఇటు రా నాయనా, సారుకు చెయ్యి చూపెట్టు. ఆఁ, చూసిండ్రా? తోలు లేసింది. మీ గేటు కాడి సెక్యూరిటోని పని ఇది.

లెవ్వకుండ్రి, కూసోండ్రి. లొల్లి పెట్టనీకి చెప్తలేను. బాపిరాజు సారంటే కంపెనీల పెద్ద ఆఫీసరు, అమీన్‌పూర్‌ల ఉండేటోళ్లు, ఇంత దూరం మా ఇల్లు దేవులాడుకుంట వచ్చిండ్రు. మా ఆయన ఉన్నప్పుడు గూడ మీ ముచ్చట చెప్తుండె. 'ఆంధ్ర సారే గని మంచోడే, తిట్టకుండ మాట్లాడుతడు' అని. నవ్వకుండ్రి, నిజమే చెప్తున్న.

చాయ్ తాగుండ్రి. నేను తాలింపు పెట్టుకుంటనే మాట్లాడుత, ఏమనుకోకుండ్రి. పన్నెండు గంటల సైరన్‌కు అన్నం డబ్బా తయారుండాలె.

ఎవరికంటరా? చెప్త. జెర ఆగుండ్రి.

మీ మాట నాకు సమజైంది సారు. సోమవారం బండి పంపుతరు. మా యాదగిరిని ఎక్కించుకపోయి సంగారెడ్డి అవతల హాస్టల్ల ఏస్తరు. ఆడ అసొంటోళ్లు శానా మంది ఉంటరు, టీవీ ఉంటది, డాక్టరొస్తడు, మంచి తిండి పెడ్తరు. వాడు పోతే నాకు మా ఆయన జాగల ప్యాకింగ్ నౌకరి. వాడు పోకుంటే... ఆ మాట మీరు నోటితోని అనలే. చాయ్ గ్లాసు దిక్కు చూసిండ్రు. అయినా నాకు ఇనిపించింది.

పెద్దసార్లు కార్లల్ల వచ్చేటాళ్లకు గేటు ముందల ఒకడు డబ్బా పట్టుకొని నిలబడితే మంచిగ కనపడదు. వచ్చిపోయేటోళ్లు ఫోన్లల్ల ఫోటోలు గుంజుతుండ్రు. అది గూడ సమజైంది.

కని ఇందాక 'పిచ్చోడు' అన్నరు చూడుండ్రి, అది తప్పు.

మా మరిది పిచ్చోడు గాదు. మీసాలు నెరుస్తున్నయ్ గని బుద్ధి మెల్లగ నడుస్తది, పుట్టినకాంచి అంతే. రెండు మాటలు ఒక్కసారి చెప్తే రెండూ కింద పడగొడ్తడు. ఒక్కటి చెప్పి, అది వాని చేతికి వచ్చేదాక ఆగి, అప్పుడు ఇంకోటి చెప్పాలె. గట్ల నేర్పినమనుకోండ్రి, ఇగ సచ్చేదాక మర్వడు. మీరు, నేను మరుస్తం. వాడు మర్వడు.

మా అత్త నర్సింహమ్మకు ఆ ఓపిక ఉండె. ఒక ముచ్చట చెప్త, ఇనుండ్రి.

నేను కాపురానికొచ్చిన కొత్తల మా బర్రె సచ్చిపోయింది. కంపెనీ నీళ్లు వాగుల కలిసినయ్, అవి తాగింది అన్నరు. మీ కంపెనీ గాదు తియ్యుండ్రి, అప్పటికి మీది పుట్టలే. ఆ బర్రెకు గడ్డేసుడు యాదగిరి పని. సచ్చి పడున్నదాని ముందల గూడ గడ్డి తెచ్చి ఏస్తున్నడు. మూతికి ఒత్తుతున్నడు. 'తిను, తిను' అంటున్నడు. చూడొచ్చినోళ్లు ఒకటే నవ్వుడు.

మా అత్త నవ్వలే. వాని చెయ్యి పట్టి బర్రె పొట్ట మీద పెట్టింది. 'ఎట్లున్నది రా?' అన్నది. 'సల్లగున్నది' అన్నడు. 'సల్లగైంది గద బిడ్డా. ఇగ తినదు' అన్నది.

అంతే సారు. లేసిండు, ఆ గడ్డి మోపు ఎత్తుకపోయి పక్కింటోళ్ల బర్రెకు ఏసిండు.

తర్వాత మా అత్త పోయింది. మేమందరం మీద పడి ఏడుస్తున్నం. వాడు మమ్మల్ని జరిపి లోపటికొచ్చిండు. అవ్వ కాళ్లు పట్టి చూసిండు, నొసల మీద చెయ్యి పెట్టిండు. 'అవ్వ సల్లగైంది. ఇగ తినదు' అన్నడు. లోపటికి పోయి అవ్వ తినే పళ్లెం కడిగి గూట్ల బోర్లిచ్చిండు. అగో, ఆ గూట్లదే. ఇప్పటికీ దాన్ని ఎవరు ముట్టినా ఊకోడు.

సావంటే ఏందో వానికి తెల్సు సారు. మనకన్న మంచిగ తెల్సు.

అవ్వ లేక ఇంట్ల కూసోని కూసోని గోడకు తల కొట్టుకుంటుండె. మనిషికి రోజు ఒక పని, పోనీకి ఒక జాగ ఉండాలె గద? మీకు ఆఫీసున్నట్టు. అప్పుడు నేర్పిన, వాని అన్నకు కంపెనీ కాడికి డబ్బా మోసుడు.

మొదలు చెయ్యి పట్టుకొని పోయిన. చెయ్యి ఇడిసి పక్కపొంటి నడిసిన. తర్వాత ఎనక. తర్వాత కల్వర్టు కాడ ఆగి చూసుడు. లారీల రోడ్డు గద, అటు దాటేదాక నా పాణం నాది గాదు. ఎప్పుడో ఒకనాటికి ఈ వాకిట్లనే ఆగిన. వాడొక్కడే పోయొచ్చిండు. ఆ నాడు మా ఆయన ఇంటికొచ్చి వాణ్ని ఎత్తుకొని తిప్పిండు సారు. అంత పొడుగు మనిషిని!

పంక్చర్ షాపాయన రోడ్డు దాటిస్తుండె. కంపెనీల పని చేసే ఒడియా పోరగాండ్లు 'రాం రాం భయ్యా' అంటే, వీడు డబ్బా కింద పెట్టి, దండం పెట్టి, మళ్ల ఎత్తుకునుడు. కావాలనే మళ్ల మళ్ల అంటుండిరి దొంగలు. ఊర్లె ఇంకొన్ని ఇండ్లోళ్లు గూడ డబ్బాలిచ్చుడు షురూ చేసిండ్రు. చుట్టిన గుడ్డ రంగు చూసి ఎవనిది వానికిస్తుండె.

చేతికే ఇయ్యాలె అని నేర్పిన. బల్ల మీద పెట్టొద్దు, వేరేటోని చేతికియ్యొద్దు. ఎందుకంటే ఒకపారి మీ సెక్యూరిటోడు 'నేనిస్త తియ్యి' అని తీసుకొని కోడికూరంత మింగిండు. ఇంకొకటి గూడ నేర్పిన. డబ్బా సల్లారొద్దు అని. అందుకే గట్ల ఛాతికి ఒత్తుకొని పోతడు. మీ గేటు కాడ చూసే ఉంటరు.

కంపెనీ కాలిన ఆ నాటి ముచ్చట మీకు నేను చెప్పాల్నా?

పొద్దుగాలనే సైరన్ కొట్టింది. అన్నపు సైరన్ ఒక్క తీరుగ కూస్తది, ఇది ఆగి ఆగి కూసింది. అది ఆపద సైరన్ అంట. లోపట పని చేసేటోళ్లకు మీరు నేర్పిండ్రేమో. ఊరికి ఎవరు నేర్పిండ్రు సారు? నేను గోడ గడియారాన్ని తిట్టిన. 'పాడు గడియారం ఆగిపోయింది, వంట కాకముందే పన్నెండాయె' అని పరేషానైన. వీడు వాకిట్ల నిలబడి, 'డబ్బా ఇయ్యి వదినా, సైరన్, సైరన్' అని ఒకటే లొల్లి. అప్పుడే వార్చిన అన్నం, ఇంత మామిడికాయ తొక్కు పెట్టి కట్టిన. 'ఇయ్యాల కూర లేదు, కోపానికి రావొద్దని చెప్పు అన్నకు' అన్న.

మా ఆయనకు నేను ఆఖరికి పంపిన మాట అదే. కూర లేదు అని.

ఊరంత ఇటు ఉరుకొస్తున్నదంట. వీడొక్కడు అటు పోతుండంట. పంక్చర్ షాపాయన చెయ్యి పట్టి గుంజితే ఇడిపిచ్చుకొని పోయిండంట. ఎట్లాగుతడు? సైరన్ కొడితే పోవాలె అని నేర్పినం. ఏ సైరన్ కొడితే ఉరకాలె అని నేర్పలే. మాకు తెలిస్తే గద నేర్పేది.

పొగల నిలబడ్డడు, ఛాతికి డబ్బా పెట్టుకొని. పోలీసోళ్లు జరిపితే జరిగిండు, మళ్ల వచ్చి ఆడనే నిలబడ్డడు. పొద్దుగూకినంక ఇంటికొచ్చిండు. కండ్లు వాచినయ్. డబ్బా నా చేతిల పెట్టి, 'అన్న రాలే' అన్నడు.

ఆ తర్వాత మీరు మూట ఇచ్చిండ్రు.

రక్తం పరీక్ష చేస్తే కలిసింది, మీ ఆయనదే అన్నరు. నీలి ప్లాస్టిక్‌ల చుట్టి తాళ్లు కట్టిండ్రు. 'ఇప్పకమ్మా సోమమ్మా, చూడలేవు' అని మీరే చేతులు జోడిచ్చిండ్రు. మీ కండ్లల్ల గూడ నీళ్లుండె, అబద్ధం ఎందుకు చెప్పాలె? నేను ఇప్పలే.

యాదగిరి వచ్చి చెయ్యి పెట్టిండు. పైకెళ్లి కిందికి తడిమిండు. కాళ్లు దేవులాడిండు సారు. దొరకలే. మళ్ల మీదికెళ్లి తడిమిండు. 'వదినా, ఇది అన్న గాదు' అన్నడు.

తానం పోసుడు లేదు, మొకం చూసుకునుడు లేదు. అట్లనే తీస్కపోయి పెట్టొచ్చినం. మన్నెయ్యి రా అని పెద్దమనిషి ఒకాయన వాని చేతిల మన్ను పెడితే, 'ఎవరికి?' అని అడిగిండు. నా దిక్కు తిరిగి అడిగిండు. చెప్పుండ్రి, ఏమనాలె?

కొన్ని దినాలకు మీ కంపెనీ మళ్ల షురూ అయింది. సైరన్ కూసింది. నేను ఇంట్ల ఒక మూలకు పడుకొని ఉన్న. వాడొచ్చి వాకిట్ల నిలబడ్డడు. 'డబ్బా ఇయ్యి వదినా.'

అప్పటిసంది పోతనే ఉన్నడు. వేరే డబ్బాలన్ని బందైనయ్. అపశకునమంట. ఎదురొస్తే ఆడోళ్లు పక్కకు జరుగుతుండ్రు. పంక్చర్ షాపాయన మటుకు ఇప్పటికి రోడ్డు దాటిస్తడు, మొకం అటు తిప్పుకొని. గేటు కాడ ఎవనికి అడ్డం రాడు సారు. ఎవన్నీ ఏమనడు. అన్నాలు తిని అందరు లోపటికి పొయ్యేదాక నిలబడి తిరిగొస్తడు. 'అన్న రాలే' అని నా చేతిల పెడ్తడు.

మీ హాస్టలు చెడ్డదని నేనంటలేను. ఆడ వాణ్ని కొడ్తరని అంటలేను. కని ఆడ వాడు కూసుంటడు సారు. అంతే, కూసుంటడు. ఈ రోడ్డు మీద వాడు ఒక మనిషి. ఇంత పొద్దుకు ఇటు పోతడు, ఇంత పొద్దుకు అటు వస్తడు అని పదిమందికి ఎరుక. ఆ రోడ్డు గుంజుకుంటే వానికేం మిగుల్తది? మళ్ల గోడనే గద.

ఏమంటిరి? మాన్పిచ్చే తొవ్వనే లేదా అంటరా?

ఉన్నది.

మీరు సక్కగ అడిగిండ్రు గనక చెప్త. డబ్బా చేతికియ్యంగనే వాడు మొదలు చేసే పని ఏందో తెల్సా? అడుగున చెయ్యి పెట్టి చూస్తడు. ఉడుకుగుంటే పోతడు. ఒక్కనాడు సద్దన్నం కట్టి, సల్లటి డబ్బా చేతిల పెట్టి, 'సల్లగైంది రా యాదగిరీ, ఇగ అన్న తినడు' అని చెప్పిన అనుకోండ్రి, అయిపాయె. డబ్బా కడిగి అవ్వ పళ్లెం పక్కన బోర్లిస్తడు. మళ్ల మీ గేటు దిక్కు పోడు. బండొద్దు, హాస్టలొద్దు. వాడు నా ఇంట్లనే ఉంటడు, నా నౌకరి నాకొస్తది. మీ సెక్యూరిటోనికి గూడ పని తప్పుతది.

ఇది నాకు ఎప్పుడో తెల్సు.

మొన్న కట్టిన గూడ. రాత్రి అన్నం, సల్లటిది. మూత పెట్టి, గుడ్డ చుట్టి లేపిన. వాని చేతికన్న ముందు నా చేతికి సల్లగ తాకింది సారు.

మళ్ల పొయ్యి అంటువెట్టిన.

మోసేది వాడు, పంపేది నేను. నేను గూడ ఆ మూట ఇప్పి చూడలే గద? వాణ్ని హాస్టల్ల ఏస్తరు. మరి నన్నేడ ఏస్తరు?

చాయ్ గూడ తాగకపోతిరి, పొర కట్టింది.

అగో, కూసింది సైరన్. ఒక్క తీరుగనే కూస్తున్నది, అన్నపుదే.

యాదగిరీ, దా. పట్టు, రెండు చేతుల పట్టు. చూడు, ఉడుకున్నదా? ఆఁ. లారీ వస్తే ఆగు. ఇయ్యాల కూర చేసిందని చెప్పు అన్నకు.

సారూ, కారు వాకిలికి అడ్డం పెట్టిండ్రు. జెర జరుపుండ్రి. సుట్టు తిరిగి పోవుడు వానికి నేర్పలే.