తిప్పేష్ గారి రెండు గొర్రెలు, నా ఒక్క సంతకం

1989 జూన్ పన్నెండవ తేదీన మడకశిర నుంచి తొలి బస్సెక్కి అనంతపురం చేరి, గుమాస్తాగా విధుల్లో చేరిన శ్రీ తిప్పేష్ గారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. ఇరవై ఆరేళ్లు కరవు నివేదికలు రాసి రాసి అలసిన ఆయనను 2015లో, శాసనసభ్యుల ఆస్తి ప్రకటనలను సరిచూసే మా విభాగానికి పంపారు. ఇక్కడైనా విశ్రాంతి దొరుకుతుందనుకున్నారు, దొరకలేదు.

సభ్యుల సొంత ప్రయోజనాలకూ, సభలో వారు తీసుకునే నిర్ణయాలకూ ఎక్కడైనా ముడి పడుతున్నదేమో చూడటమే మా పని. ఇతరుల పత్రాలు విప్పే ముందు, ఎవరూ అడగకపోయినా, ఏటా తన ఆస్తిపత్రం తానే నింపి ఫైలులో ఉంచడం ఆయన నియమం. ఒక ఏడు అందులో ‘గొర్రెలు రెండు, ఒకటి చూడితో ఉన్నది’ అని రాశారు. మేము నవ్వితే, “నవ్వండప్పా. అది ఈనినాక మూడని దిద్దల్ల గదా?” అన్నారు. దిద్దారు కూడా.

నిరుడు వజ్రకరూరు వైపు గాలిమరలకు భూములిచ్చిన వారి జాబితాలో ఒక పేరు దగ్గర ఆయన ఆగారు. ఆ భూములకు కౌలు ధర సిఫారసు చేసే సభాసంఘంలోని ఒక శాసనసభ్యుని బావమరిది పేరది. ఎండన పడి ఆ ఊరికి వెళ్లి, గొర్రెలు మేపుతున్న తిమ్మమ్మ అనే ఆమెను ఆ భూమి ఎవరిదని అడిగారు. “పేరు బామ్మర్దిది సామీ, భూమి ఎమ్మెల్యేది. ఈడ అందరికీ తెలుసు, మీకే తెల్దా?” అన్నదామె. అంతటితో ఆగక మూడు నెలలు తిరిగి, రిజిస్ట్రేషన్ కాగితాలు సంపాదించి, విచారణ కోరుతూ నోటు రాశారు.

ఆ నోటు పైకి వెళ్లాలంటే రెండో సంతకం నాది. ఏడు నెలలు చేయలేదు. బదిలీకి భయపడ్డాను, ఆయన విరమణ చేస్తే ఫైలు దానంతటదే మూలపడుతుందని ఆశపడ్డాను కూడా, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఆయన ఒక్కసారే అడిగారు. “ఏమప్పా నారాయణా, నాకు ఓపిక అయిపోయినాది. నేను పోయినాక దీన్ని పట్టించుకునేవాళ్లు యాడుండారు?”

ఈ వీడ్కోలు వ్యాసం రాయడానికి కూర్చునే ముందు సంతకం చేసి పంపాను. విచారణ ఎప్పుడు మొదలవుతుందో, ఎన్నేళ్లు సాగుతుందో చెప్పే ధైర్యం మా విభాగంలో ఎవరికీ లేదు. అందుచేత తిప్పేష్ గారికీ, వారి సతీమణి పుష్పావతి గారికీ ఆయురారోగ్యాలు కోరడంలో నా స్వార్థం కూడా ఉన్నదని ముందే ప్రకటిస్తున్నాను. తిప్పేష్ గారూ, మోకాళ్ల మందు మానకండి, ఎండలో తిరగకండి, నిండు నూరేళ్లు ఉండండి. సాక్ష్యానికి మొదట పిలిచేది మిమ్మల్నే.

— నారాయణ