శనివారం తన్నిన బంతి

"రండర్రా పిల్లలూ, దగ్గరికి రండి. ఆ తడిమెట్టు మీద కాదు, ఇదిగో ఈ ఖాళీ బస్తాల మీద కూచోండి. మన గ్లెన్‌బార్ ఫుట్‌బాల్ జట్టు ఇవాళ కూడా ఓడిందని మొహాలు వేలాడేశారా? మేనేజర్ని నేనుండగా మీకెందుకు దిగులు!"

గని కూలీల ఇళ్ళ వరస చివర, ఇసబెల్ టీ అంగడి ముందు హెక్టర్ గిల్‌క్రిస్ట్ అలా మొదలుపెట్టాడు. ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషే గానీ, ఆ సాయంత్రం గొంతు ఇంకాస్త పెంచాడు. ఎందుకంటే క్లబ్బుకీ, ఊరి చర్చికీ కూడా పెద్ద అయిన రాంకిన్ గారు పక్క బెంచీ మీద పైపు కాలుస్తూ కూచున్నారు. హెక్టర్ని ఉంచాలా, తీసెయ్యాలా అన్నది ఇక ఆయన నోటిమాట మీదే ఉంది.

"మీ అంతవాణ్ణి ఉన్నప్పుడు, గని దగ్గర రొట్టె తినే వేళ, ఊరికే ఒక టర్నిప్ దుంపను తన్నాను. అది ఆఫీసు కిటికీలోంచి దూరి గుమాస్తా టోపీ ఎగరగొట్టింది. మర్నాడే గ్లాస్గో నుంచి పెద్ద క్లబ్బువాళ్ళు గుర్రబ్బండి కట్టుకుని నాకోసం వచ్చేశారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఆ దుంపతో కూర వండారా?" అంది ఇసబెల్ లోపల్నించి.

"నువ్వుండమ్మా! మొదటి ఆటకే జోరున వాన. తోలుబంతి నీళ్ళు తాగి దూడంత బరువెక్కింది. అది గాల్లో వస్తుంటే అందరూ పక్కకి తప్పుకున్నారు, నేను తల అడ్డం పెట్టాను. ఇంకేముంది! బంతి, దాన్ని పట్టుకున్న గోల్‌కీపరు, అతని వెనక వల, వల కట్టిన కర్రలు, అన్నీ కలిసి పోయి క్లైడ్ నదిలో పడ్డాయి. పడవవాళ్ళు పైకి లాగేసరికి గోల్‌కీపరు చేతుల్లో బంతి అలాగే ఉంది. పాపం, మంచి ఆటగాడు."

"నీ తలకేం కాలేదా మావా?" అన్నాడొక పిల్లాడు.

"టోపీ కాస్త బిగుతైంది, అంతే. ఇక మేనేజర్నయ్యాక జరిగింది వినండి. కప్పు ఫైనల్ నాడు మావాళ్ళంతా పాడైన చేప తిని పడకేశారు. నేనొక్కణ్ణే దిగాను. బంతి నేనే అందించి, నేనే పరిగెత్తి అందుకున్నాను. ఆఖరి నిమిషంలో తన్నిన తన్నుకి బంతి మబ్బుల్లో దూరిపోయింది! చర్చి నుంచి తెచ్చిన ప్రార్థన పుస్తకం అప్పటికింకా నా జేబులోనే ఉంది," అని హెక్టర్ రాంకిన్ గారి వైపు ఓరగా చూశాడు, "నా కళ్ళముందే బంతి దిగి వలలో పడింది. కప్పు మాదే!"

ఇసబెల్ చెయ్యి తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. "చర్చి నుంచి అటే ఆటకా? అయితే ఆదివారం ఆడావన్నమాట!"

పిల్లలు బిగుసుకుపోయారు. ఆదివారం నాడు గోళీలు ముట్టుకుంటేనే ఆ ఊళ్ళో చెవులు మెలేస్తారు. రాంకిన్ గారు నోట్లోంచి పైపు తీశారు.

"అయ్యయ్యో, తన్నింది శనివారమేనండీ!" అన్నాడు హెక్టర్ కంగారుగా. "అంత ఎత్తు పోయిన బంతి దిగొద్దూ? మర్నాడు నేను చర్చి నుంచి వస్తుంటే దిగింది."

"రిఫరీ ఆఖరి ఈల ఎప్పుడు వేశాడు?" అని అడిగారు రాంకిన్ గారు.

"శనివారమే. పాపం, ఆయనకీ ఇల్లూవాకిలీ ఉంటాయి గదండీ."

"ఈల వేశాక పడితే గోలు కాదు. చెప్పు హెక్టర్, ఆదివారం గెలిచావా, శనివారం ఓడావా? ఆదివారం ఆడినవాణ్ణి ఒక్క పూట కూడా ఉంచను. ఓడినవాళ్ళంటావా, మా జట్టు నిండా వాళ్ళే. ఇంకొకడికి చోటుంది."

హెక్టర్ పిల్లల వంక చూశాడు. "శనివారం..." అని నసిగాడు.

"వినపడలేదు."

"ఓడానండీ."

రాంకిన్ గారు పైపు మళ్ళీ వెలిగించుకున్నారు. "సోమవారం మైదానానికి వేళకి రా."

హెక్టర్ ఊపిరి పీల్చుకుని కోటు దులుపుకున్నాడు. "ఓడిన మాట నిజమేననుకోండి, కానీ ఓడటమంటే అలా ఇలా కాదర్రా! స్కాట్లండు మొత్తం మీద అంత ఘనంగా ఓడినవాడు..."

ఇసబెల్ గరిటె అందుకుంది.

"సరే సరే. లేవండి పిల్లలూ, ఇళ్ళకి పోయి వేడి వేడి బార్లీ జావ తాగండి. ఇంకా కూచుంటే మీ అమ్మలొచ్చి నన్ను తంతారు."