రాగ్నా కొన్న కొత్త రైఫిల్

అలాస్కాలో, స్టికీన్ నది సముద్రంలో కలిసేచోట, వానలో తడుస్తూ హాల్వర్, అతని కూతురు రాగ్నా వేటాడిన మూస్ దుప్పిని కోస్తున్నారు.

"దీన్ని రైఫిల్ అంటే నేనొప్పుకోను. బొమ్మల దుకాణంలో కొన్నావా రాగ్నా?"

"ఆ బొమ్మకే పడింది నాన్నా ఈ దుప్పి. నువ్వింకా నీ రైఫిల్ దుర్భిణి మీద వాననీళ్ళు తుడుచుకుంటూనే ఉన్నావు."

"అంత దగ్గర్లో నిలబడ్డ దుప్పిని మీ అమ్మ పెనం విసిరినా కొడుతుంది."

"విసరమందాం. ఆ కాలు పైకెత్తి పట్టుకో, తోలు వలుస్తా."

"పట్టుకున్నా. అసలు నీదానికి దుర్భిణి అంత ముందుకెందుకు పెట్టారు? కంటి దగ్గర ఉండాల్సింది తీసుకెళ్ళి గొట్టం మీద బిగించారు."

"రెండు కళ్ళూ తెరిచి కాల్చడానికి. ఒక కన్ను దుర్భిణిలోంచి చూస్తుంటే రెండో కన్ను చుట్టుపక్కలంతా చూస్తుంది. నీది కంటికి ఆనించుకుంటే చిన్న గుండ్రం తప్ప ఇంకేం కనపడి చావదు."

"ఆ చిన్న గుండ్రంలోంచే మనింటికి ఇన్నేళ్ళూ మాంసం వచ్చింది."

"దాని బరువు మోసి నీ భుజమూ పోయింది. ఇంతకీ ఎక్కడుంది నీ రైఫిల్?"

"అదిగో, ఆ చెట్టుకి ఆనించా."

"అంత దూరాన ఎందుకు?"

"దాన్ని మోస్తూ దుప్పిని ఎలా కొయ్యమంటావ్?"

"నాది చూడు, నా వీపునే ఉంది. పొట్టిది, తేలిక. ఉన్నట్టే తెలీదు. అదీ తేడా."

"తేలికైంది వెనక్కి తంతుంది. ఇందాక కాల్చాక భుజం పట్టుకున్నావ్."

"పట్టుకోలేదు."

"పట్టుకున్నావ్. నేను చూశా. అలా తన్నితే రెండో దెబ్బకి గురి ఎక్కడికో పోతుంది. నాది బరువు కాబట్టి కదలదు. పైగా ఆ తూటా చూడు, నాదాని పక్కన పిల్లలా ఉంది. ఎలుగు భుజమెముక విరుగుతుందా దాంతో?"

"విరుగుతుంది. అయినా ఇందులో పది తూటాలు పడతాయి. నీదాంట్లో నాలుగు."

"నువ్వు పదీ కాల్చేదాకా ఎలుగు కాఫీ తాగుతూ కూర్చుంటుందా? తూటా ఎక్కాలంటే ప్రతి దెబ్బకీ బోల్టు లాగాలి, తొయ్యాలి..."

"నాన్నా."

"మళ్ళీ లాగాలి, మళ్ళీ..."

"నాన్నా, ఆపు. నీ వెనక, పొదల్లో."

"ఏంటి?"

"ఎలుగు. గోధుమరంగుది. పేగుల వాసనకొచ్చింది. లేవకు."

"ఎంత దూరం?"

"దగ్గరే. చెవులు వెనక్కి పెట్టింది."

"నా రైఫిల్..."

"దానికోసం కదలకు. నేను గురిపెట్టా. ఏయ్, పో. పో అవతలికి. నాన్నా, నెమ్మదిగా నా వైపు జరుగు. అటు కాదు, చెట్టు వైపు వెళ్ళకు. నాన్నా, వస్తోంది, పడుకో, పడుకో..."

"కాల్చు."

"నువ్వడ్డమున్నావ్, తల వంచు..."

"కాలు పట్టుకుంది. నా కాలు... కాల్చు రాగ్నా, కాల్చు..."

వాన తగ్గలేదు. ఎలుగు హాల్వర్ పక్కనే పడి ఉంది.

"చచ్చిందా?"

"చచ్చింది."

"కంట్లో పొడిచి చూశావా?"

"గొట్టంతో పొడిచా. రెప్ప కదల్లేదు. నువ్వు కదలకు నాన్నా. రేడియోలో చెప్పా, హెలికాప్టర్ బయల్దేరింది. నీ బెల్టు తీసి తొడ మొదట్లో బిగిస్తున్నా. నొప్పెడుతుంది."

"పెట్టనీ. అబ్బా... చాలు, చాలు."

"ఇంకొక్క చుట్టు."

"పిక్క ఉందా?"

"ఉంది."

"నిజం చెప్పు."

"సగం ఉంది. ఎముక కనపడుతోంది. అటు చూడకు."

"కళ్ళల్లోకి ఏంటిది, వేడిగా?"

"నెత్తిమీద పంజా తగిలింది. చర్మం లేచిపోతే వెనక్కి వేసి నా టోపీతో కట్టా. కళ్ళు మూయకు."

"నిద్ర కాదు. చలి."

"నా కోటు కప్పా కదా. మాట్లాడు నాన్నా. ఏదో ఒకటి మాట్లాడు. రైఫిల్ సంగతి చెప్పు. ఇంకా ఏం వంకలున్నాయో చెప్పు."

"చప్పుడు."

"ఏంటి?"

"గొట్టం పొట్టిది కదా. చప్పుడెక్కువ. చెవులు ఇంకా గుయ్యిమంటున్నాయ్."

"సరే, చప్పుడు. ఇంకా?"

"ఆ తూటాల మ్యాగజైన్. కిందకి పొడుచుకొచ్చి ఉంటుంది. రైఫిల్ని నడుం దగ్గర పట్టుకుని నడుద్దామంటే కుదరదు."

"నిజమే. నాకూ ఇబ్బందిగానే ఉంది. చూశావా, ఒప్పుకున్నా. ఇంకా? నాన్నా, ఇటు చూడు. ఇంకా చెప్పు."

"విరిగిందా?"

"నీ ఎముకా?"

"ఎలుగుది. భుజం."

"మొదటి దెబ్బకే విరిగింది. ముందుకాలు మడిచి కూలబడింది. నీమీదే కూలబడింది. అయినా వదల్లేదు నిన్ను."

"అయితే ఆ తూటా చాలు. నేనే తక్కువ అంచనా వేశా. ఎన్ని కాల్చావ్?"

"రెండు."

"నేను మూడు విన్నా."

"రెండే. ఒకటి భుజంలో, ఒకటి మెడలో."

"నా చెవి పక్కన పేలాయమ్మాయ్. మూడు."

"నీళ్ళు తాగుతావా?"

"మధ్యలోది ఎటు పోయింది?"

"కొంచెం తాగు. చాలు, ఎక్కువొద్దు. చెట్లలోకి పోయుంటుంది. నాకేం తెలుసు."

"సరే."

"ఏంటి సరే?"

"చెట్లలోకి పోయింది. సరే అంటున్నా. తొడ మీద ఆ గుడ్డ ఎందుకు కప్పుతున్నావ్?"

"వాన పడుతోంది."

"నా మొహం మీదా పడుతోంది. అది కప్పలేదే."

"ఎక్కువ మాట్లాడకు నాన్నా."

"ఇందాక మాట్లాడమన్నావ్."

"మాట్లాడు. వేరే మాట్లాడు."

"రెండు కళ్ళూ తెరిచే కాల్చావా?"

"తెరిచే. నువ్వూ కనపడ్డావ్, అదీ కనపడింది. అది నిన్ను ఊపేస్తోంది నాన్నా. పాతగుడ్డని పట్టుకుని ఊపినట్టు. ఇప్పుడు దాని మెడ ఉన్నచోట మరుక్షణం నువ్వుంటున్నావ్. నేను బోల్టు లాగేలోపు, తోసేలోపు..."

"చాల్లే. ఊపిరి పీల్చుకో."

"ఆగితే నీ మెడ పట్టుకుంటుందనుకున్నా."

"పట్టుకునేదే. నా రైఫిల్‌తో అయితే ఎవరూ అంత త్వరగా కాల్చలేరు. దుర్భిణిలో ఎలుగు బొచ్చు వెతుక్కునేలోపు నేను అయిపోయేవాణ్ణి. ఒప్పుకుంటున్నా. మంచి రైఫిల్ కొన్నావ్."

"మంచిది కాదు. ఇంటికెళ్ళాక దాన్ని సముద్రంలో పారేస్తా."

"ఎందుకు?"

"ఊరికే."

"మంచి రైఫిల్ని ఊరికే ఎవరూ పారెయ్యరు. ఉంచుకో. వచ్చే ఏడాది మళ్ళీ వద్దాం, నేనూ అలాంటిదే కొంటా."

"అమ్మకేం చెప్పాలి నాన్నా?"

"దేని గురించి?"

"ఏం లేదు."

"రాగ్నా, ఏడుస్తున్నావా?"

"లేదు. విను, చప్పుడు. వినపడుతోందా?"

"చెవుల్లో గుయ్యిమనేదే వినపడుతోంది."

"హెలికాప్టరే. కొండకి అవతలుంది. ఆ ఇసుక మేట మీద దిగుతుంది. నేను పోయి కోటు ఊపుతా."

"ఆగు. ముందు నా రైఫిల్ తీసుకురా."

"దాన్నెవరూ ఎత్తుకుపోరు. తర్వాత తెస్తాలే."

"ఇప్పుడే తే. నా చేతికివ్వు."

"ఇంకో ఎలుగు లేదు నాన్నా. చూస్తూనే ఉన్నా."

"ఎలుగు కోసం కాదు. చెప్పింది చెయ్యి."

"ఇదిగో. జాగ్రత్త, బరువు. ఏం చేస్తావిప్పుడు దీంతో? సేఫ్టీ మీట ఎందుకు తీస్తున్నావ్? నాన్నా?"

"చెవులు మూసుకో, బురదలోకి ఒకటి పేలుస్తా, నాదీ పేలినట్టుండాలి. నా తొడలో పడింది ఎలుగు పంటి గాటు కాదని నాకు మొదట్నుంచీ తెలుసు తల్లీ. ఎలుగు మీద పడ్డప్పుడు నా చేతిలోదే పేలి నాకే తగిలింది, హెలికాప్టర్ వాళ్ళకీ మీ అమ్మకీ ఇదే మాట. నువ్వు కాల్చింది రెండే. మూడోది నాది."